పావు ఇంచు

ఏడున్నరకు నవనీత తెల్ల కోటు సంచిల పెట్టుకొని
పెద్ద దవాఖానకు పోయింది, పిల్లల వార్డుల నైట్ డ్యూటీకి.
ముప్పై మంది ఏడుపు ఆమె వంతు.
ఒక్కటి నా వంతు.

జున్ను అని పిలుస్తం. ఐదో నెల.
పిండి పెట్టిపోయిన పాలు ఎనిమిదికి తాగింది.
తొమ్మిదికి ఒక ఆవులింత.
సంబరపడ్డ.
అది ఆవులింత గాదు,
ఏడ్వనీకి నోరు సదురుకునుడు.

భుజం మీదేసుకొని రామగిరి గల్లీ
ఈ కొస నుంచి ఆ కొస దాక,
ఆ కొస నుంచి ఈ కొస దాక.
వారం సంది చూస్తున్న కుక్కలు
నన్ను మొరుగుడు మానినయి.
నడిచినంతసేపు బుద్ధిమంతురాలు.
చాప మీదికి వంగుతుంటే
నా నడుము ఎంత వంగిందో ఆమె వీపుకు తెలుస్తది.
లేస్తది.

బడులు తెరవనీకి తొమ్మిది రోజులున్నది.
నూట నలభై జతలు ఒప్పుకున్న.
నీలం నిక్కర్లు కాళ్ళు అతకక
మూలకు కుప్పబడి చూస్తున్నయి.
నవనీత పాత చీర తొట్టెల,
దాని తాడు తెచ్చి మిషను తొక్కుడు పలకకు కట్టిన.
తొక్కితే కుట్టు పడాలె, తొట్టెల ఊగాలె,
ఒక్క కాలికి రెండు కూళ్ళు.
ఊగలేదు, వణికింది.
జున్ను లోపల్నుంచి నన్ను
పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది.

చెప్పనోళ్ళు లేరు.
వస అరగదీసి నాకియ్యమన్నది మేనత్త.
ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిల వేస్తే
ఘాటుకు మేం దగ్గినం, ఆమె నవ్వింది.
పక్కింటి ఖైరున్నీసమ్మ
లతీఫ్ సాబ్ గుట్టెక్కి నల్లదారం తెచ్చి
మణికట్టుకు కట్టింది.
దారం మాత్రం మంచిదే,
మూడు పోగుల నూలు. నాకు తెల్వదా.

రెండుంబావుకు
ఎవలకు చెప్పొద్దు గని,
ఆమెను చాప మీద పండబెట్టి
బయటికొచ్చి తలుపు దగ్గరికేసిన.
గడపల కూసోని చెవులు మూసుకున్న.
ఎవలి పిల్లో ఏడుస్తున్నట్టు
వేళ్ళ సందుల్లకెళ్ళి వినబడ్డది.
నూరు లెక్కబెట్టినంక పోదామనుకున్న.
నలభై కాడ, నా ఛాతి కొలత కాడ,
ఆగిపోయిన.

ఎత్తుకుంటే మెడల తడి.
ఆమెదో నాదో.

రైలు కూత పెట్టింది.
ఎన్ని బెర్తుల మీద ఎంతమంది
నోరు తెరిచి పండుకున్నరో అని
కడుపు మండింది.

ఇగ ఏం తోచక
మెడలున్న టేపు తీసిన.
ఒకటే తన్నుడు. మోకాళ్ళు పట్టి సాగదీసి
మడిమ నుంచి నడినెత్తి దాక కొలిచిన.
ఇరవై నాలుగున్నర.
పోయిన అమాసకు సుద్దతోని గోడ మీద రాసుకున్న:
ఇరవై నాలుగుంబావు.
మళ్ళ కొలిచిన. గదే.

పిల్లలు నిద్రలనే పెరుగుతరని నవనీత అంటది,
చదువుకున్న మాట.
మరి ఈ పావు ఎప్పుడొచ్చింది?
బాబిన్ మార్చేటప్పుడా?
చాయ పొంగి పొయ్యి తుడుస్తున్నప్పుడా?
నేనే మిషను మీద తల పెట్టి
ఒక్క నిమిషం అనుకున్నప్పుడా?
దొంగ, నాకు దొరక్కుండ
ఎక్కడో పండుకున్నది.

పెరిగే పిల్లల బట్టలకు
అంచు లోపల రెండించులు మలిచి పెడుత.
బయటికి కానరాదు.
మళ్ళేడు తల్లులొచ్చి కుట్లిప్పమంటరు.
రాత్రి గూడ లోపల్లోపల
ఏందో మలిచి పెట్టుకున్నట్టున్నది.

పాల ప్యాకెట్ల ఆటో పోయింది.
జున్ను టేపు కొస నోట్లె పెట్టుకొని
మొదటి ఇంచు చప్పరిస్తున్నది.
కండ్లు చూడు, అద్దాల లెక్క.

ఎనిమిదిన్నరకు నవనీత
చెప్పులిడుస్తనే అడిగింది: "పండిందా?"
"పావు ఇంచు" అన్న.

అర్థం కానట్టు చూసి
చేతులు కడుక్కోనీకి పోయింది.
నేను వెలుతురుకు పట్టుకొని చూసుకున్న
రాత్రంత కష్టపడి కుట్టిన ఒకే ఒక్క నిక్కరు.
రెండు కాళ్ళూ ఎడమవే.

కూసోని కుట్లిప్పుతున్న.